నాటి కూలిచీటీ – నేటి ఒమాన్ పనిచీటీ

కొరంగి అనునది గోదావరి ముఖద్వారాన, యానాముకు సమీపాన ఉన్న పాత రేవు. మన మారిషస్ ద్వీపంలో మాత్రం ఆ పేరు ఒక జనానికి పేరయింది. ఆ రేవు దాటి వచ్చినవారని మన పెద్దలను ఇక్కడి ఇతరులు 'కొరంగీలు' అని పిలిచారు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును పాడుచేసింది. తరువాత గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల జనం మద్రాసుకు వెళ్లి ఓడలెక్కారు. రేవు మారినా సముద్రం దాటి కూలికి పోవడం ఆ ప్రాంతంలో ఆగలేదు.

నేటికీ అదే గోదావరి సీమ నుండి, ముఖ్యంగా కోనసీమ నుండి, ఎందరో స్త్రీలు ఇంటిపనికోసం కువైటుకు, మస్కటుకు, దోహాకు వెళుతున్నారు. తెలంగాణలో కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల పురుషులు 1970ల నుండి గల్ఫ్ దేశాలకు తాపీ పనికి, వెల్డింగు పనికి, డ్రైవరు పనికి వెళుతున్నారు. వీరిని చూచినప్పుడు మనకు మన ముత్తాతలు గుర్తుకు రావడం సహజం. కాని ఊరకే జాలిపడితే చరిత్ర తెలియదు. రెండింటిలో ఏది సమానం, ఏది వేరు అని పోల్చి చూడాలి. అందుకు ఒమాన్ దేశం మంచి ఉదాహరణ. అక్కడ పనివాడు యజమానిని మార్చుకొనే హక్కు ఏ సంవత్సరంలో బిగిసిందో, ఏ సంవత్సరంలో సడలిందో మనం తేదీలతో సహా చెప్పగలం. నా అభిప్రాయంలో విదేశంలో పనిచేసేవాని బ్రతుకును తేల్చేది ముఖ్యంగా ఆ హక్కే. జీతము, చేతిపని నేర్పు దాని తరువాతివి.

మన పెద్దల చీటీ

మొదట మన ఇంటి కథ చెప్పుకుందాం. 1834 నవంబరు 2న అట్లాస్ ఓడలో వచ్చిన కూలీలు పోర్ట్ లూయీలో దిగారు. కూలీల వలస సాగినంత కాలంలో నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు ఈ ద్వీపానికి వచ్చారు. వారిలో మనవారు కొద్దిమంది. ఒప్పందం సాధారణంగా 5 సంవత్సరాలది. మగవానికి నెలకు 5 రూపాయలు, దానితోపాటు బియ్యము, పప్పు, ఉప్పు. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోసేవారు. దీనిని 'డబుల్ కట్' అనేవారు. పని మానినవానిని జైలుకు పంపవచ్చును.

అయినా ఒప్పందం ముగిసిన తరువాత ఏమి జరిగిందనేది మన పిల్లలలో చాలామందికి తెలియదు. ఐదేళ్లు నిండినవానిని 'పాత వలసదారు' అనేవారు. అతడు స్వేచ్ఛగా తన పని తాను వెదకుకోవచ్చును కదా! తోటల యజమానులకు అది ఇష్టం లేకపోయింది. 1867లో వచ్చిన 31వ నంబరు శాసనం పాత వలసదారు ప్రతివాడు తన ఫోటో అంటించిన టికెట్టును వెంట ఉంచుకోవాలని చెప్పింది. ఒక జిల్లా వాడు మరొక జిల్లాకు పోవాలంటే వేరే పాసు కావాలి. టికెట్టు ఇంట్లో మరచి దారిలో దొరికినవాడు దేశదిమ్మరి అనిపించుకొని శిక్ష పొందేవాడు. ఈ బాధ తప్పించుకోవడానికి చాలామంది మళ్లీ అదే తోటలో ఒప్పందం వ్రాసిచ్చారు. ఆ శాసనం అసలు ఉద్దేశం కూడా అదే.

1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఐరోపా పౌరుడు పాత వలసదారుల పక్షాన ఒక వినతిపత్రం వ్రాశాడు. దానిపై 9,401 మంది సంతకాలు చేశారు. తత్ఫలితంగా 1872లో రాయల్ కమిషన్ వచ్చి విచారించి, 1875లో నివేదిక ఇచ్చింది. 1878లో కూలీల చట్టం మారింది. నాటి ఫోటోలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో నేటికీ భద్రంగా ఉన్నాయి.

ఇతర దేశాలలో మన సోదరుల కథ కూడా ఇటువంటిదే. దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో ఒప్పందం ముగించి, తిరిగి ఒప్పందం చేయక, స్వదేశానికీ పోక అక్కడే నిలిచినవానిపై 1895 చట్టం ఏటా 3 పౌండ్ల పన్ను వేసింది. అది 1914లో గాని పోలేదు. ఫిజీలో 'అగ్రిమెంటు' అనే మాట కూలీల నోట 'గిర్మిట్' అయి, ఒక యుగానికే పేరుగా నిలిచింది. అంతటా ప్రభువులు కోరినది ఒకటే. పనివాడు కావాలి, కాని వాడు తన ఇష్టప్రకారం మరొకరి దగ్గరకు పోకూడదు.

ఒమాన్‌కు మనవారు ఎట్లా చేరారు

ఒమాన్‌తో భారతీయుల సంబంధం చాలా పాతది. కచ్ ప్రాంతపు భాటియా వర్తకులు తరతరాలుగా మస్కట్‌లో వ్యాపారం చేశారు. పాత మస్కట్‌లో శివాలయం ఉన్నది. అక్కడ ఒకప్పుడు రూపాయలే చెల్లుబాటు అయ్యేవి. నేటికీ ఒమానీ రియాలులో వెయ్యోవంతును 'బైసా' అంటారు. అది మన పైసాయే. అయితే వారు వర్తకులు. కూలికి, చేతిపనికి మనవారు వెళ్లడం తరువాతి మాట.

1967లో ఒమాన్ నుండి చమురు ఎగుమతి మొదలయింది. 1970 జూలై 23న సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కేనాటికి ఆ దేశంలో తారు రోడ్డు సుమారు 10 కిలోమీటర్లు, పాఠశాలలు మూడు మాత్రమే. రాత్రి కాగానే మస్కట్ కోట తలుపులు మూసేవారు. అటువంటి దేశం ఒక్క తరంలో రోడ్లు, ఆసుపత్రులు, రేవులు, విద్యుత్ కేంద్రాలు కట్టుకోవాలంటే చేతులు కావాలి. 1973 తరువాత చమురు ధర పెరిగి డబ్బు కూడా వచ్చింది. చేతులు బయటినుండి వచ్చాయి. నేడు ఆ దేశంలో భారతీయులే ఆరు లక్షలకు పైగా ఉన్నారు. మస్కట్‌లో రువీ, హమ్రియా పేటలలో తెలుగు మాట వినబడుతుంది. ఇండియన్ సోషల్ క్లబ్బులో తెలుగువారి విభాగం ఉగాది పండుగ జరుపుతుంది.

ఇక్కడొక ముఖ్యమైన భేదం చెప్పాలి. మన పెద్దలకు ఈ ద్వీపంలో నిలిచిపోవడానికి అవకాశం ఉండెను. తోట భాగాలుగా అమ్మినప్పుడు చెరకు ముక్కో, ఇంటి స్థలమో కొని నిలిచారు. ఒమాన్‌కు వెళ్లిన తాపీ మేస్త్రికి ఆ దారి లేదు. ముప్పై ఏళ్లు పనిచేసినా, పని పోగానే అతడు తిరిగి పోవలసినవాడే. కనుక పని ఉన్నన్నాళ్లూ ఆ పని చేయుటకు ఇచ్చిన అనుమతి పత్రమే అతనికి సర్వస్వం.

అనుమతి ఎట్లా లభిస్తుంది

నాడు మన ఊళ్లలో మేస్త్రీలు మనుషులను పోగుచేసేవారు. నేడు ఏజెంటు చేస్తున్నాడు. కాని నేటి పద్ధతిలో మెట్లు ఎక్కువ. వరుసగా చెబుతాను. మన పిల్లలలో విదేశీ ఉద్యోగం కోరేవారికి కూడా ఇది పనికివస్తుంది.

మొదటి మెట్టు ఒమాన్‌లోనే ఉన్నది. యజమాని అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖకు దరఖాస్తు పెట్టి, ఫలానా వృత్తికి ఇంతమంది విదేశీయులు కావాలని అనుమతి పొందాలి. 1988 నుండి ఆ దేశం 'ఒమనీకరణ' అనే విధానం నడుపుతోంది. ప్రతి రంగంలోను స్వదేశీయుల భాగం పెంచడం దాని ఉద్దేశం. 2018 జనవరిలో 87 వృత్తులకు కొత్త అనుమతులు ఆరు నెలలపాటు ఆపి, తరువాత ఆ గడువు పొడిగించారు. అందులో ఇంజనీరింగ్, గణాంకం, అమ్మకాలు వంటి చదువుకున్నవారి పనులు ఎన్నో ఉన్నాయి. అనుమతికి రుసుము కూడా ఉన్నది. 2022లో దానిని తగ్గించి, పై తరగతి ఉద్యోగానికి 301 రియాలులు, తరువాతి తరగతులకు 251, 201 రియాలులుగా నిర్ణయించారు. స్వదేశీయుల భాగం సరిగా నింపిన యజమానికి అందులోనూ తగ్గింపు ఉన్నది. ఈ రుసుము యజమాని కట్టవలసినది. దీనిని ఏజెంటు మన కుర్రవాని దగ్గర వసూలు చేస్తే అది మోసమని తెలుసుకోవాలి.

రెండవ మెట్టు నేర్పును నిరూపించడం. వెల్డరు, పైపు ఫిట్టరు, షట్టరింగు వడ్రంగి వంటివారికి హైదరాబాదులోనో ముంబయిలోనో పరీక్ష పెడతారు. అభ్యర్థి అక్కడే ఇనుము అతికి చూపాలి. ఇంజనీరు, నర్సు, వైద్యుడు వంటివారికి పట్టాలు, అనుభవ పత్రాలు నిజమైనవేనా అని విచారణ జరుగుతుంది. నర్సులు, వైద్యులు ఆ దేశపు ఆరోగ్య శాఖ కోరిన పరీక్ష కూడా నెగ్గాలి. 2012 నుండి ఒమాన్ అపోస్టిల్ ఒడంబడికలో చేరింది. కనుక భారత విదేశాంగ శాఖ ముద్ర వేసిన పట్టా అక్కడ చెల్లుతుంది. ఆరోగ్య పరీక్షను గల్ఫ్ దేశాలు గుర్తించిన కేంద్రంలోనే చేయించుకోవాలి. నాడు మద్రాసు డిపోలో వైద్యుడు మన పెద్దల నాలుక, కన్నులు చూచి పంపినట్లే, నేడు రక్తము, ఊపిరితిత్తుల ఫోటో చూచి పంపుతారు.

మూడవ మెట్టు స్వదేశపు అనుమతి. ఇక్కడ మన పాఠకులకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి ఉన్నది. కూలీల ఓడల కాలంలో భారతదేశపు రేవులలో 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' అనే అధికారి ఉండేవాడు. ఓడ ఎక్కేముందు కూలి తన ఇష్టంతోనే పోతున్నాడా అని అడగడం అతని పని. 1922 వలసల చట్టంలోను ఆ పేరే నిలిచింది. 1983 చట్టంలోను ఆ పేరే ఉన్నది. నేడు హైదరాబాదులో ఆ అధికారి కార్యాలయం ఉన్నది. పదవి తరువాతి కాలానికి వచ్చింది, ప్రశ్న మాత్రం పాతదే.

1983 చట్టం ప్రకారం ఒమాన్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోయే తక్కువ చదువువారికి వలస అనుమతి తప్పనిసరి. పదవ తరగతి ప్యాసయినవారికి అది అక్కరలేదు. పాఠశాల ఉపాధ్యాయునిగా ఈ గీత నన్ను ఆలోచింపజేస్తుంది. చదువుకున్నవాడు తన్ను తాను కాపాడుకోగలడని, చదువులేనివానికి ప్రభుత్వం తోడుండాలని చట్టం భావించింది. భావం మంచిదే. కాని పదవ తరగతి ప్యాసయినంత మాత్రాన అరబ్బీలో వ్రాసిన ఒప్పందం చదవడం వస్తుందా? నర్సుల విషయంలో ప్రభుత్వమే ఈ లోపం గుర్తించింది. వారు చదువుకున్నవారయినా ఏజెంట్లు లక్షలు గుంజుతున్నందున, 2015లో వారి నియామకాలను ప్రభుత్వ సంస్థల ద్వారా జరపాలని నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఏర్పడిన ఓంక్యాప్, తెలంగాణలో 2015లో ఏర్పడిన టామ్‌కామ్ ఇటువంటి విదేశీ ఉద్యోగాల కోసం పెట్టిన ప్రభుత్వ సంస్థలే.

నమోదైన ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. అంతకు ఎన్నోరెట్లు వడ్డీకి తెచ్చి కట్టినవారు తెలంగాణ పల్లెలలో కొల్లలుగా ఉన్నారు. 2003లో మొదలైన ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమాకు రెండేళ్లకు 275 రూపాయలు చాలు. ఈ చిన్న మొత్తం సంగతి చెప్పకుండా పెద్ద మొత్తం గుంజే ఏజెంటు ఎటువంటివాడో పాఠకులే ఊహించగలరు.

నాలుగవ మెట్టు వీసా. దానిని రాయల్ ఒమాన్ పోలీసు శాఖ ఇస్తుంది. మస్కట్‌లో దిగిన తరువాత మళ్లీ వైద్య పరీక్ష, వేలిముద్రలు, ఫోటో. ఆ పైన నివాస పత్రం చేతికి వస్తుంది. దీనిని మనవారు 'బతాకా' అంటారు. దానిలో పేరు, నంబరు, ఫోటో, వృత్తి, యజమాని ఉంటాయి. 1867 నాటి టికెట్టు చూచినవారికి ఇది ఎంతో పరిచయమైన వస్తువుగా తోచును.

బతాకాలో వ్రాసిన వృత్తి చాలా ముఖ్యం. వెల్డరు పని నేర్చినవాడు తొందరలో 'హెల్పరు' అని వ్రాసిన వీసాపై వెళితే, అక్కడ వెల్డింగు చేసినా హెల్పరు జీతమే అడగగలడు. చేతిలోని నేర్పు కాగితంలో లేకపోతే న్యాయస్థానం ముందు అది లేనట్లే. సందర్శక వీసాపై వెళ్లి పని వెదకుకోవచ్చునని చెప్పే ఏజెంటు మాట నమ్మరాదు. 'ఆజాద్ వీసా' అని మరొకటి ఉన్నది. పేరుకు ఒక కఫీలు, పని మరొకచోట. వినుటకు స్వేచ్ఛవలె ఉంటుంది. కాని పట్టుబడినప్పుడు శిక్ష పనివానికే ముందు పడుతుంది.

యజమాని సమ్మతి

ఇక అసలు విషయానికి వస్తున్నాను. గల్ఫ్ దేశాలలో విదేశీ పనివాని నివాసం ఒక స్థానికుని పూచీపై ఆధారపడుతుంది. ఆ పద్ధతిని 'కఫాలా' అని, పూచీదారును 'కఫీలు' అని అంటారు. ఒమాన్‌లో పనివాడు మరొక యజమాని దగ్గర చేరాలంటే మొదటి యజమాని 'అభ్యంతరం లేదు' అని వ్రాసి ఇవ్వాలి. 2014 జూలై నుండి ఈ నియమం మరీ బిగిసింది. ఆ కాగితం లేకుండా దేశం విడిచినవాడు రెండు సంవత్సరాలపాటు తిరిగి పనికి రాకూడదన్నారు. ఒప్పందం సక్రమంగా ముగించినవానికి కూడా ఇదే గతి. ఎక్కువ జీతం ఇస్తానని పక్క కంపెనీ పిలిచినా, నేర్పరి అయిన ఫిట్టరు రెండేళ్లు ఇంట కూర్చోవాలి, లేదా పాత జీతానికే సంతకం చేయాలి.

పాఠకులు ఇప్పుడు 1867 శాసనాన్ని మళ్లీ గుర్తుచేసుకోవాలి. అక్కడ పాసు, ఇక్కడ సమ్మతి పత్రం. రెండు చోట్లా ఒప్పందం ముగిసిన మనిషిని తిరిగి పాత యజమాని గుమ్మంలోకే తరిమే ఉపాయం ఉన్నది.

అయితే న్యాయంగా మాట్లాడితే ఒమాన్ ప్రభుత్వం తానే ఆ ముడి విప్పింది. 2020లో ప్రకటించి, 2021 జనవరి 1 నుండి ఆ సమ్మతి పత్రపు నియమం తొలగించింది. ఒప్పందం ముగిసినా, రద్దయినా పనివాడు పాత యజమాని సమ్మతి లేకుండానే కొత్త యజమాని దగ్గర చేరవచ్చును. కొత్త యజమానికి మంత్రిత్వ శాఖ అనుమతి ఉంటే చాలు. 2023 జూలైలో వచ్చిన కొత్త కార్మిక చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటల పని అన్నది. ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని ఏడాదికి ఒక నెల మూలవేతనంగా నిర్ణయించింది. 2003 చట్టంలో మొదటి మూడేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతమే లెక్కించేవారు. జూన్ నుండి ఆగస్టు వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుండి మూడున్నర దాకా ఎండలో పని చేయించరాదనే నియమం అంతకుముందు నుండే ఉన్నది.

కాని ముడి పూర్తిగా వీడలేదు. ఒప్పందం నడుస్తుండగా పని విడిచి వెళ్లినవానిపై యజమాని 'పారిపోయినాడు' అని ఫిర్యాదు చేయగలడు. అప్పుడు అతని నివాసమే చట్టవిరుద్ధం అవుతుంది. అటువంటివారిని మనవారు 'ఖల్లివల్లి' అంటారు. వారు జీతం ఎగ్గొట్టినా అడగలేరు, జబ్బుచేసినా ఆసుపత్రికి పోవుటకు భయపడతారు, తండ్రి చనిపోయినా ఇంటికి రాలేరు. 2020 నవంబరులో ఒమాన్ ప్రభుత్వం జరిమానా లేకుండా స్వదేశం వెళ్లిపోవుటకు గడువు ఇచ్చినప్పుడు వేలాదిమంది పేర్లు నమోదు చేసుకున్నారు. కాగితం పోయినవారు ఎందరో ఆ రోజున గాని లోకానికి తెలియలేదు.

ఇంటి గుమ్మం దాటని చట్టం

గోదావరి జిల్లాల స్త్రీల సంగతి ఇంకొకటి. ఒమాన్ 2003 కార్మిక చట్టం ఇంటిపని వారికి వర్తించలేదు. 2004లో వారికి వేరే నియమాలు వచ్చాయి గాని అందులో రక్షణలు స్వల్పం. ఫ్యాక్టరీ పనివాడు నలుగురితో కలిసి ఉంటాడు, సాయంత్రం బయటికి వస్తాడు. ఇంటిపని స్త్రీకి యజమాని ఇల్లే లోకం. పాస్‌పోర్టు, ఫోను యజమానురాలి బీరువాలో ఉంటే ఆమె ఎవరికి చెప్పుకోగలదు? 2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ ప్రకటించిన నివేదికలో జీతం ఇవ్వకపోవడం, విశ్రాంతి లేకపోవడం, పాస్‌పోర్టు తీసుకోవడం వంటి ఫిర్యాదులు ఎన్నో ఉన్నాయి. 30 ఏళ్లలోపు స్త్రీలను ఈ పనికి అనుమతించరాదని భారత ప్రభుత్వం నియమం పెట్టింది. దానిని తప్పించుకోవడానికి ఏజెంట్లు సందర్శక వీసాపై పంపడం మొదలుపెట్టారు. రక్షణకోసం పెట్టిన గోడ పక్కనుండి దొంగదారి పుట్టింది. 1830లలోను ఇట్లే జరిగింది. కూలీల మోసాల గురించి గోల పుట్టగా భారతదేశంలో వలసను కొంతకాలం ఆపి, 1842లో అధికారులను నియమించి తిరిగి తెరిచారు. నిషేధం ఒక్కటే మనిషిని కాపాడదని మన చరిత్ర కూడా చెబుతోంది.

మన వంతు

ఈ సంగతులు మనకెందుకు అని కొందరు అడగవచ్చును. నేడు మన ద్వీపంలోనే బంగ్లాదేశ్, భారతదేశం, నేపాల్, మడగాస్కర్ నుండి వచ్చిన పనివారు బట్టల మిల్లులలోను, కట్టడాల దగ్గరను పనిచేస్తున్నారు. వారి పని అనుమతి మీద కూడా ఒక యజమాని పేరు ఉంటుంది. వారి కాగితం గురించి మనం ఏనాడైనా అడిగామా? కఫాలా పద్ధతిని తప్పుపట్టే నోటితో మన ఊరి పనివారి సంగతి కూడా మాట్లాడాలి. టికెట్టు పట్టుకొని తిరిగినవారి మనుమలు ఈ విషయంలో మౌనంగా ఉండరాదు.

అందుచేత మన శాఖల పెద్దలకు ఒక మనవి. నవంబరు 2న మనం అప్రవాసీ ఘాట్ వద్ద పూలు ఉంచుతాము. ఆ వారంలోనే ఒక సాయంత్రం తెలుగు తరగతిలో రెండు కాగితాలు పిల్లల ముందు పెట్టి చదివించాలి. ఒకటి మన కుటుంబాలలో ఎవరిదైనా పాత టికెట్టు నకలు. రెండవది నేటి విదేశీ ఉద్యోగపు ఒప్పందం. పని పేరు, జీతం, గంటలు, సెలవు, తిరుగు ప్రయాణపు ఖర్చు, యజమానిని మార్చుకొనే షరతు ఎక్కడ వ్రాసి ఉన్నాయో పిల్లలు వేలు పెట్టి చూపాలి. మన ఊరి మిల్లులో పనిచేసే తెలుగు సోదరుడో, బెంగాలీ సోదరుడో ఉంటే అతనిని కూడా ఆ సాయంత్రం పిలవాలి. అతని ఒప్పందం అతనికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించుటకు మనలో చదువుకున్నవారు ముందుకు రావాలి. 1871లో 9,401 మంది, వారిలో ఎందరికో చదువు లేకపోయినా, తమ బాధ వ్రాసినవానిని నమ్మి కాగితం మీద గుర్తు పెట్టారు. మనకు చదువు వచ్చినది. దానిని ఈ పనికి వినియోగించుదాం.